ఎదుటివాడి కళ్లలో ఎండ

మన గుంటూరులో పుట్టిన పెండ్యాల హరికృష్ణ 2001లో, ద్రోణవల్లి హారిక 2011లో చదరంగంలో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. ఈ ఆట నేర్చుకునే పిల్లలకు మొదట్లోనే 'రూయ్ లోపెజ్' అనే ఎత్తుగడ పరిచయమవుతుంది. ఆ పేరు స్పెయిన్ దేశపు కతోలిక గురువుది. ఆయన 1561లో చదరంగంపై ఒక గ్రంథం వెలువరించారు. అందులో ఆయన ఇచ్చిన సలహా ఒకటి నేటికీ చెప్పుకుంటారు: ఎదుటివాడి కళ్లలో ఎండ పడేలా బల్ల వేసుకోవాలట!

నవ్వొస్తుంది. కానీ ఆలోచించండి. గుర్రాన్ని దొంగచాటుగా జరపమని ఆయన అనలేదు. ఆట నియమమేదీ తప్పలేదు. మరి తప్పెక్కడ? చదరంగం ఇద్దరి తెలివికి పరీక్ష. ఒకరికి కళ్లు చెదిరేలా చేసి గెలిస్తే అసలు పరీక్షే జరగలేదు.

మిర్చి యార్డుకు ఒక రైతు టిక్కీలు తెచ్చాడనుకోండి. అప్పు వాయిదా ఆ రోజే. ఆ సంగతి తెలిసిన కొనుగోలుదారు పొద్దువాలే దాకా ఆగి, ధర తగ్గించి అడుగుతాడు. కాటా సరిగానే ఉంది, చీటీ సరిగానే ఉంది. అయినా ఎండంతా రైతు కళ్లలోనే!

నియమం తప్పకపోవడం న్యాయానికి మొదటి మెట్టు మాత్రమే. ఈ రాత్రి ఆత్మశోధనలో "తప్పు చేశానా?" అన్న ప్రశ్నతో ఆగకండి. "బల్ల ఎటు వేశాను?" అని కూడా అడగండి.