ఒడ్డువాడొకడు, ఆడునది యింకొకటి

మనుష్యుడు తన చేతితో చేయని పని, తన ధనముతో, తన యనుమతిపై, తాను బడిలో పాఠము చెప్పుచుండగానో దుకాణములో తూకము వేయుచుండగానో జరిగిపోయినప్పుడు, ఆ పనికి కర్త యెవడు? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. యజ్ఞశాలలోను, ద్యూతసభలోను పూర్వులు దీనిని పలుమారులు విచారించియే యున్నారు. నిన్నమొన్నటివరకు పండితుల వాదములకే పరిమితమై యుండిన యీ విచారము నేడు చీపురుపల్లి రైలుస్టేషను చెంత టీ బడ్డీ దగ్గర, ఉదయము తొమ్మిదింబావుకు, ఫోను చేతబట్టుకొని నిలిచిన కుఱ్ఱవానికి తగులుచున్నది. తగిలినట్లు వానికి తెలియకుండుటయే యిందలి విశేషము.

హౌరా నుండి చెన్నపట్టణమునకు పోవు రైలుమార్గముపై, విజయనగరమునకును శ్రీకాకుళం రోడ్డునకును నడుమనున్న యీ యూరిలో, గోగునార యమ్ముకొన్న రైతైనను, గరివిడి ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారములో జీతము తీసికొన్న కార్మికుడైనను, నావంటి బడిపంతులైనను, మిగిలిన నాలుగు రూకలను బంగారములోనో, సెంటు భూమిలోనో, చీటీలోనో, పోస్టాఫీసులోనో పెట్టుచుండెడివారు. అటుపిమ్మట అగ్రిగోల్డు వచ్చినది. అందు డిపాజిట్లు కట్టి మునిగిన కుటుంబములు మా జిల్లాలో వేలకొలదిగా నున్నవి. ఆ దెబ్బతో ‘ఏజెంటును నమ్మరాదు’ అను తెలివి జనులకు వచ్చినమాట నిజమే గాని, ఆ తెలివినుండియే ‘మనిషి మోసగించును, యంత్రము మోసగింపదు’ అను మరియొక నమ్మకము మొలచినదని నా యనుమానము. కనుకనే యిప్పుడు నన్ను కలిసినవారు ‘ఏ షేరు కొనమందురు?’ అని యడుగుట మాని, ‘ఏ ఆల్గో మంచిది?’ అని యడుగుచున్నారు. తనంతట తాను కొని యమ్ము ప్రోగ్రామునకు ఆల్గో యని పేరు.

ఎరువుల దుకాణము నడుపుకొను నా పూర్వవిద్యార్థి యొకడు ఒక మంగళవారము తన ఫోనును నాకు చూపెను. తెరపై ఆంగ్లములో ఏదో వీరోచితమైన పేరు గల యొక వ్యూహము; దాని క్రింద ఎడమనుండి కుడికి మెట్లు మెట్లుగా పైకెక్కిన పచ్చని గీత; దాని క్రింద నొక బొత్తాము. నెలకింత యని అద్దె కట్టి ఆ బొత్తామును నొక్కినచో, ప్రతిదినము తొమ్మిదిన్నరలోపల ఆ యంత్రము నిఫ్టీ కాలును పుట్టును రెండింటిని అమ్మి, స్టాప్‌లాస్ తగిలినదానిని తిరిగి కొని, సాయంకాలము మూడుంబావుకు లెక్క తేల్చును. ఆనాడు ఆ ఆప్షన్ల వారపు గడువు. మార్కెట్టు మొదట పైకి దుమికి ఒక కాలును, పిదప క్రిందికి పడి రెండవకాలును విరుగగొట్టినది. వాడు నావంక చూచి, ‘నానేటీ సెయ్యనేదు మాస్టారూ, అదే అమ్మీసింది, అదే కొనీసింది’ అనెను. అంతకు రెండువారముల ముందు, ఇదే యంత్రము లాభము తెచ్చిననాడు, వాడే ‘నాలుగేలు కొట్టినాను’ అని మిఠాయి పంచియుండెను.

ఈ నడకకు మన వాఙ్మయములో పూర్వరూపము కలదు. సభాపర్వములో ద్యూతమునకు పిలిచిన దుర్యోధనుడు తాను పాచికలు ముట్టలేదు. ధనము నాది, రత్నములు నావి, నాకొఱకు మా మామ శకుని యాడునని పలికెను. ధర్మరాజు వెంటనే, ఒకనికొఱకు మరియొకడు ఆడుట తనకు సమముగా తోచుటలేదని ఆక్షేపించెను గాని, ఆక్షేపించియు కూర్చుండెను. మనము ఆ కథలో శకుని కపటమునే చూచుచుందుము. నాకు మాత్రము ఆ ఆక్షేపణయే యెక్కువ విలువైనదిగ తోచుచున్నది. ఓడినచో పోవునది తనదే యైనను, పాచిక విసరు చేయి తనది కానివానికి, వెనుకకు తగ్గవలసిన ఘడియ యెప్పుడు వచ్చునో దేహమునకు తెలియదు. మనుస్మృతి ప్రాణములేనివానితో నాడుదానిని ద్యూతమనియు, ప్రాణులతో నాడించుదానిని సమాహ్వయమనియు విడదీసినది. సంక్రాంతి కోడిపందెము రెండవ తెగలోనిది. ప్రాణము లేకయు ప్రాణమున్నదానివలె తనంత దాను దూకునట్టి మూడవ తెగను మనువు ఊహింపలేదు. ఒక కంపెనీలో భాగము కొని పదియేండ్లు ఉంచుకొనుట జూదమని నేననను. నెలనెల ఖాతానుండి తనంతట కదలిపోవు సిప్ కూడ యంత్రమే గదా. నేను మాటాడుచున్నది వారపు గడువుల ఆప్షన్లను అద్దె వ్యూహముల చేత నాడించుటను గూర్చి.

‘నేనేమియు చేయలేదు’ అనువానికి వేదాంతి తోడు వచ్చునా? వచ్చుననియే కొందఱు తలంతురు. సర్వకర్మములును ప్రకృతిగుణములచే జరుగుచుండ, అహంకారమూఢుడు తానే కర్తనని తలచునని గీత చెప్పుచున్నదిగదా! కాని యా మాట నిజముగా నమ్మినవాడు లాభనష్టముల పట్టిక వంక ప్రతి పది నిమిషములకు చూడడు. కర్తృత్వమును వదలి భోక్తృత్వమును మాత్రము అట్టిపెట్టుకొనుట సాంఖ్యుల పురుషుని లక్షణము: ప్రకృతి నాట్యమాడుచుండును, అతడు కదలక చూచుచు ఫలమనుభవించుచుండును. చేయనిదానికి ఫలము వచ్చుటయు, చేసినది ఫలింపక నశించుటయు సమ్మతింపవలసివచ్చునని, అకృతాభ్యాగమ కృతనాశ దోషముల పేర మన దార్శనికులు వాదములను పరీక్షించిరి. ఎరువుల దుకాణములో కూర్చున్న మా వాడు ఆ పరీక్షకు నిలుచునంతటి సాంఖ్యపురుషుడు కాడు. కర్మము చేయుము, ఫలమును కోరకుము అని గీత బోధింపగా, కర్మమును యంత్రమునకు వదలి ఫలమును తనకుంచుకొన్న మార్గమిది. బోధను తలక్రిందులు చేసికొని చదివినట్లున్నది.

అట్లని పరునిచేత చేయించు కర్మమంతయు దోషమందుమా? మీమాంసకులు ఇచ్చట మనకు మంచి దారి చూపిరి. సోమయాగమున పదునాఱుగురు ఋత్విక్కులు పనిచేయుదురు. యజమానుడు దక్షిణ నిచ్చి వారి శ్రమను కొనును, దానికి పరిక్రయమని పేరు. శ్రమ వారిదైనను ఫలము యజమానునిదే. దక్షిణ తక్కువయని యజ్ఞము చెడినను, ఋత్విక్కు పొరబడినను, లోపము యజమానుని ఫలమునకే తగులును. నేటి బ్రోకరేజికిని అద్దెకును ఇంతకంటె పాతచుట్టము దొరకదు. అయితే యింత పంచిపెట్టియు, రెండింటిని మాత్రము వారు పరుల చేతికీయలేదు. ఒకటి, ఇది చేయుదునను సంకల్పము. రెండవది, ఆహుతి అగ్నిలో పడునప్పుడు ఇది నాది కాదని విడుచు త్యాగము. అంతేగాక, యజ్ఞమున కధికారము కావలెనన్నచో కోరికయు, సామర్థ్యమును, ఆ కర్మమును గూర్చిన జ్ఞానమును, మూడును ఉండవలెననిరి. మా యూరి మదుపరికి మొదటిది పుష్కలము, రెండవది కొంత కలదు. మూడవది యద్దెకు దొరకునని భ్రమ.

ఈ జ్ఞానమును గూర్చిన మెలకువ, వింతగా, షేర్ల మార్కెట్టును నియంత్రించు సెబీవారి ఉత్తరువులో కనబడుచున్నది. సామాన్య మదుపరుల ఆల్గో వ్యాపారమును గూర్చి 2025 ఫిబ్రవరి 4వ తేదీన వెలువడిన ఆ సర్క్యులరు ఆల్గోలను రెండుగా విడదీసినది: లోపలి తర్కము వాడువానికి తెలిసి, తిరిగి చేయదగినవి వైట్ బాక్సు, తర్కము తెలియరానివి బ్లాక్ బాక్సు. రెండవ రకమును అందించువాడు రీసెర్చ్ ఎనలిస్టుగా నమోదై, ప్రతి యాల్గోకును పరిశోధన నివేదికను ఉంచవలెను. ప్రతి ఆల్గో ఆర్డరు స్టాకు ఎక్స్చేంజి ఇచ్చిన గుర్తును ధరింపవలెను. ఫిర్యాదు వచ్చినచో బ్రోకరే జవాబుదారి. యాజ్ఞవల్క్యస్మృతి జూదశాల నడుపు సభికునికి నూటికింత యని భాగము నిర్ణయించి, దానికి బదులుగా గెలిచినవానికి ధనమిప్పించు బాధ్యతను అతనిపై మోపినరీతిని తలచినచో, పాలకుల యోచన పెద్దగా మారలేదనిపించును.

అదే సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనమును మా వాండ్రు తమకు కావలసినట్లు చదివిరి. 2021-22 మొదలు మూడు ఆర్థిక సంవత్సరములలో ఫ్యూచర్సు, ఆప్షన్ల యందు చేయి పెట్టిన కోటిమందికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. మొత్తము నష్టము 1.8 లక్షల కోట్లకు మించినది. 2023-24లో విదేశీ సంస్థల లాభములో నూటికి 97 పాళ్లు, స్వంత ధనముతో వ్యాపరించు సంస్థల లాభములో 96 పాళ్లు ఆల్గోల వలననే వచ్చినవి. ‘చూచితిరా, యంత్రమున్నవాడే గెలుచుచున్నాడు’ అని వీరందురు. ఆ యంత్రములను వ్రాసికొన్నవారే వానికి యజమానులు. అవి యెప్పుడు ఓడునో, ఎంతవరకు ఓడవచ్చునో వారికి తెలియును. వారికిని ఒక్కొక్కప్పుడు తెలియదు: 2012 ఆగష్టు 1న అమెరికాలోని నైట్ కేపిటల్ సంస్థ, వాడుకలేని పాత ప్రోగ్రాము ఒక సర్వరులో మిగిలిపోయిన కారణమున, ముప్పావుగంటలో సుమారు 44 కోట్ల డాలర్లు పోగొట్టుకొన్నది. తెలిసినవాని గతి యిట్లుండగా, తెలియనివాని మాట యేమనవలె?

ఇక వేదికల యెంపిక. స్ట్రీక్ వంటిది, ఏ ధర దాటినప్పుడు కొనవలెనో, ఎంత దిగినప్పుడు వదలవలెనో వాడువానిచేతనే చెప్పించి, కోడు వ్రాయనక్కఱలేకుండ దానిని నడిపించును. ఆల్గోటెస్టు వంటిది ఆప్షన్ల వ్యూహమును గతకాలపు ధరలపై పరీక్షింపనిచ్చును. ట్రేడెట్రాన్ వంటి సంతలో ఇతరులు వండిన వ్యూహములను చందా కట్టి తీసికొనవచ్చును. మొదటి రెండింటను సంకల్పము నిలుచుటకు చోటున్నది, మూడవదానిలో అది జాఱిపోవుట సులభము. నా పక్షపాతము ఎటో దాచనక్కఱలేదు. గతకాలపు గీత నాకు రుచింపదు. ఏ వ్యూహమును నిన్నటి ధరలకు అతికించి దిద్దినను గీత పైకే యెక్కును. బ్రోకర్లు ఆల్గోల గతలాభములనో రాబోవు లాభములనో చెప్పు వేదికలతో పొత్తు పెట్టుకొనరాదని 2022 సెప్టెంబరులోనే సెబీ శాసించినది. వేదిక నెంచువాడు అడుగవలసినవి వేరు: ఆపు బొత్తాము ఎచ్చటనున్నది, రోజుకింత నష్టమైనచో తనంతట తాను నిలుచునా, ఇంటర్నెట్టు పోయినచో తెఱచియున్న పొజిషన్ల గతి యేమి, అధికారపత్రము దేనివరకు? ఈ కడపటి ప్రశ్న మనకు హైదరాబాదు నేర్పినది. ఖాతాదారులిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని దుర్వినియోగపఱచి వారి షేర్లను కుదువబెట్టినదని ఆ నగరపు కార్వీ స్టాక్ బ్రోకింగుపై 2019 నవంబరులో సెబీ ఆజ్ఞ వెలువడెను. సంతకము చేసినవారిలో ఆ పత్రమును పూర్తిగా చదివినవారు ఎందఱుందురో!

పణము ఎవరిదన్న ప్రశ్న యిన్నింటికంటె పాతది. నిండుసభలో ద్రౌపది యడిగినది ధర్మమును గూర్చి సామాన్యముగా కాదు. తన్ను తాను ఓడిన పిమ్మట నన్ను ఒడ్డుటకు ఆయనకు స్వామ్యమెక్కడిది యని. భీష్ముడంతటివాడు తేల్చి చెప్పలేకపోయెను. మీమాంసకులు యజ్ఞమున దంపతులిద్దఱికిని కలిపి యధికారము చెప్పిరి. ఇంటి ద్రవ్యము ఇద్దఱిది గనుక. తనకొఱకు తానే ఆల్గో వ్రాసికొన్నవాడు దానిని భార్య, ఆశ్రితులైన పిల్లలు, తల్లిదండ్రుల ఖాతాలలోను వాడుకొనవచ్చునని 2025 నాటి నియమము సెలవిచ్చినది; వారికి తెలిసి వాడవలెనా యన్నదానిని గృహస్థులకు విడిచినది.

అందుచేత ఏ ఆల్గో మంచిదని యడుగవచ్చినవారిని, ఎంత పోయినచో ఆపుదురో ఒక కాగితముపై స్వహస్తముతో వ్రాసి, ఇంట చదివి వినిపించి తెమ్మనుచున్నాను. చాలమంది మరల రారు. వచ్చిన ఒకరిద్దఱిలో ఒక ప్రాథమిక పాఠశాల పంతులమ్మ, ‘ఏడాదికి పదివేలు తగ్గినా ఓర్చుకోగలం, వారానికి పదివేలు పోతే ఓర్చుకోలేం’ అని వ్రాసి, క్రింద తానును భర్తయు సంతకములు చేసి తెచ్చెను. ఆ మొదటి మాటను బట్టి ఇండెక్స్ ఫండులో చిన్న సిప్ పెట్టుకొమ్మంటిని. ‘అదీ యంత్రమే కద మాస్టారూ?’ అనెను. యంత్రమేనమ్మా, తేదీని మొత్తమును మీరిద్దరు వేయుడంటిని. ఐదవ తేదీ వేసికొనిరి. జీతము పడునది ఒకటవ తేదీ గనుక.