కాలాన్ని కారణం అంటే సరిపోదు

నా మార్క్ 3 అంబాసిడర్ కింద ఆయిల్ మరక చూసినవాళ్లంతా ఒకటే మాట అంటారు: ‘పాత బండి కదా మాస్టారూ, కారుతుంది.’ అన్నవాళ్లలో మెకానిక్కులున్నారు, తెనాలిలో నా దగ్గర తర్కం చదువుకున్నవాళ్లూ ఉన్నారు. నా బాధ ఈ రెండోవాళ్లతోనే. ఆ మాట అబద్ధం కాదు. నిజమే, కాని దేనికైనా అతికే నిజం.

ప్రతి కార్యానికీ ఎనిమిది సాధారణ కారణాలుంటాయని నైయాయికులు, అంటే తర్కశాస్త్రం వాళ్లు, లెక్క చెబుతారు: ఈశ్వరుడు, ఆయన జ్ఞానం, ఇచ్ఛ, కృతి (ప్రయత్నం), దిక్కు, కాలం, అదృష్టం (కర్మ వల్ల వచ్చే పుణ్యపాపాలు), ప్రాగభావం (పుట్టకముందు ఆ వస్తువు లేకపోవడం). ఏది పుట్టినా ఇవన్నీ వెనక ఉంటాయి. బండి పాతబడటం కాలం ఖాతాలోది. అయితే అదే కాలం రంగునీ వెలిసేలా చేసింది, సీటునీ చింపింది. ఆయిల్ ఎందుకు కారుతోందని అడిగితే కాలం పేరు చెప్పడం జవాబు కాదు. 17వ శతాబ్దంలో మన ఆంధ్రదేశపు అన్నంభట్టు తర్కసంగ్రహంలో అసాధారణమైన కారణాన్నే కరణమన్నాడు. వెతకాల్సింది దాన్ని.

పిస్టన్ రింగులు కొత్తవే అయినా, మండిన వాయువు కొంత వాటిని దాటి కిందికి క్రాంక్‌కేసులోకి దిగుతుంది. షెడ్లలో దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. అది బయటపడటానికి ఈ 1489 సీసీ ఇంజన్‌కి రెండు దారులు. పక్కనున్న ట్యాపెట్ కవరు నుంచి కిందికి వేలాడే బ్రీదర్ గొట్టం ఒకటి, రాకర్ కవరు నుంచి ఎయిర్ క్లీనరుకు వెళ్లే రబ్బరు గొట్టం రెండోది. బండి కదులుతుంటే కింద వీచే గాలి మొదటిదాన్ని లాగుతుంది, ఇంజన్ పీల్చే గాలి రెండోదాన్ని లాగుతుంది. రెండూ తెరిచి ఉన్నంతకాలం లోపల ఒత్తిడి నిలవదు.

క్రాంక్‌షాఫ్టు వెనక చివర సంగతి ఇంకా ఆసక్తికరం. అక్కడ రబ్బరు సీలే లేదు. షాఫ్టు మీదే మరలాంటి గాడి చెక్కి ఉంటుంది. షాఫ్టు తిరుగుతుంటే ఆ గాడి ఆయిల్‌ని లోపలికి తోస్తూ ఉంటుంది. చుట్టూ ఉన్న లోహాన్ని తాకకుండా పనిచేయాలి కనుక సన్నటి సందు తప్పదు. లోపల ఒత్తిడి పెరిగిందంటే ఆ సందులోంచి ఆయిల్ బయటపడి, బెల్ హౌసింగ్ అడుగున ఉన్న రంధ్రంలోంచి చుక్కలు చుక్కలుగా రాలుతుంది. అప్పుడు తీర్పు సిద్ధం: ‘వెనక సీల్ పోయింది, గేర్‌బాక్సు దించాలి.’ లేని సీల్ మీద నేరం పడుతుంది.

నేను మొదట ఇంజన్‌ని శుభ్రంగా కడిగించి, ఆరాక, అతుకులన్నిటి మీదా టాల్కం పౌడరు చల్లి కాసేపు తిప్పి తెచ్చాను. ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఎక్కడ తడిసిందో చూడాలి. ట్యాపెట్ కవరు దగ్గర తడిసింది, ముందు టైమింగ్ కవరు దగ్గరా తడిసింది, వెనక సరేసరి. మూడు చోట్ల ప్యాకింగులు కూడబలుక్కుని ఒకేసారి పోతాయా? మూడు కారణాలు ఊహించడం కంటే ఒక్కటి ఊహించడం లాఘవం. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే ఆవిరి గుప్పున కొట్టింది. గేజి పుల్ల రంధ్రానికి ప్లాస్టిక్ గొట్టం బిగించి, దాన్ని యు ఆకారంలో వంచి నీళ్లు పోస్తే, అవతలి కొమ్ములో నీళ్లు పైకి లేచాయి. ఒత్తిడి కళ్లకు కనిపించింది.

ఒత్తిడి పుట్టేది ఎక్కువైందా, పోయే దారి తక్కువైందా? ఒక్కో సిలిండర్లో పిస్టన్‌ని పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉండగా కంప్రెసర్ గాలి ఎక్కించి వినాలి. బుసబుస కార్బురేటర్లో వినిపిస్తే ఇన్లెట్ వాల్వు, సైలెన్సర్లో అయితే ఎగ్జాస్టు వాల్వు. రేడియేటర్లో బుడగలొస్తే హెడ్ ప్యాకింగ్. ఆయిల్ మూత దగ్గరైతే రింగులు. అక్కడ చప్పుడు పల్చగానే ఉంది, రింగులది తప్పు కాదు. బ్రీదర్ విప్పితే కందిరీగ కట్టిన మట్టిగూడు బయటపడింది. పైన రబ్బరు గొట్టం ఆయిల్‌కి నాని అతుక్కుపోయి ఉంది. గూడు తీసి, గొట్టం మార్చాక పౌడరు ముందు రెండు చోట్లా తడవలేదు. వెనక ఎప్పుడైనా ఒక చుక్క రాలుతుంది, ఆ గాడి సహజంగా వదిలేది అంతే. కారణం ఉంటే కార్యం, తీసేస్తే కార్యం లేదు. అన్వయవ్యతిరేకాలు రెండూ కుదిరాయి.

మరి కందిరీగ ఎందుకొచ్చింది, అది గూడు కట్టేదాకా బండి ఎందుకు కదలకుండా ఉంది అని ఇంకా వెనక్కి పోవచ్చు, కాని పోనక్కర్లేదు. కుమ్మరి తండ్రి లేకపోతే కుమ్మరి లేడు, అయినా కుండకు కుమ్మరి తండ్రిని కారణంగా లెక్కపెట్టరు, అన్యథాసిద్ధమని పక్కన పెడతారు.

బండి విషయంలో ఇదంతా పట్టించుకోకపోయినా కొంప మునగదు. మనిషి విషయంలో మునుగుతుంది. మా అక్కయ్యకు ఒళ్లు బరువెక్కి, మొహం ఉబ్బి, మధ్యాహ్నానికే నీరసం ముంచుకొచ్చేది. చూసిన డాక్టరు ‘వయసైపోయింది కదమ్మా’ అన్నాడు. బంధువులు ‘కర్మ’ అన్నారు. ఒకరు కాలాన్ని చెప్పారు, ఒకరు అదృష్టాన్ని. ఎనిమిదింటిలో రెండు అయిపోయాయి. రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ మందగించిందని తేలింది. మాత్ర వేసుకుంటోంది, తేరుకుంది.

కర్మను తీసిపారేస్తున్నానని కొందరు పెద్దలు నన్ను తప్పుపట్టారు. న్యాయకుసుమాంజలి రాసి ఈశ్వరుణ్ణి అనుమాన ప్రమాణంతో నిలబెట్టిన ఉదయనుడు నైయాయికుడే, అదృష్టం ఉందని వాదించినవాడూ ఆయనే. నేను ఆ పక్షం వాణ్ణే. ఎవరి సుఖదుఃఖాలు వాళ్లకే అందడానికి వాళ్ల పుణ్యపాపాలు కారణమంటే ఒప్పుకుంటాను. కాని అదృష్టం ఒంటరిగా పనిచేయదు, కనిపించే కారణాల సామగ్రి ద్వారానే ఫలమిస్తుంది. ఆ సామగ్రిలో గ్రంథి ఉంది, రక్తం ఉంది, మందు ఉంది. వాటిని చూడకుండా కర్మ అనేవాళ్లు కర్మ సిద్ధాంతాన్ని కూడా సగమే చెబుతున్నారు.