ఇంటి ముందు ఆరడుగుల మట్టి



పంచశీల గురించి, అష్టాంగ మార్గం గురించి ఎన్నో చిన్న పుస్తకాలు చదివి ఉంటారు. ఈ పుస్తకం ఇంటి ముందు మిగిలిన కాస్త జాగ గురించి. దాన్ని మట్టిగా ఉంచి నాలుగు మొక్కలు పెట్టాలా, లేక మొత్తం గచ్చు చేసెయ్యాలా? మేస్త్రీని అడిగితే తేలిపోయే సంగతి కదా, దీనికి ధమ్మంతో ఏం పని అని మీరు అడగవచ్చు. అడగాలె కూడా. బాబాసాహెబ్ మనకు నేర్పింది అడగడమే.

ముందు ఆయన చెప్పిన ధమ్మం ఏమిటో గుర్తు చేసుకుందాం. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో ఆయన మతాన్నీ ధమ్మాన్నీ విడదీసి చూపించారు. మతం మనిషికీ దేవుడికీ మధ్య వ్యవహారం. ధమ్మం మనిషికీ మనిషికీ మధ్య ఉండవలసిన నడవడి. లోకంలో ఒక్కడే మనిషి ఉంటే అతనికి ధమ్మంతో పని లేదు. ఇద్దరు కలిసి బతకాలంటే మాత్రం, ఇష్టమున్నా లేకున్నా, ధమ్మం కావాల్సిందే. ఆయన వాదం సారాంశం ఇది.

ఇప్పుడు మీ గల్లీలోకి రండి. మీ ఇల్లు, మీ కింద ఇంకొక ఇల్లు. వాన పడింది. మీ గేటు ముందు పడ్డ నీళ్లు ఎటు పోతయి?

లెక్క వేద్దాం. ఉప్పుగూడలో, ఛత్రినాకలో, జంగమ్మెట్‌లో మనవాళ్ల ఇండ్లు ఎక్కువగా 60 గజాలు, 80 గజాలు. ముందు జాగ ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉందనుకోండి. రెండు సెంటీమీటర్ల వాన పడితే ఆ కాస్త జాగ మీదనే దాదాపు 110 లీటర్ల నీళ్లు పడినట్టు. అంటే ఏడు బిందెలు. మట్టి ఉంటే అందులో చాలా భాగం అక్కడే ఇంకుతది. టైల్స్ ఉంటే ఏడు బిందెలూ గల్లీలోకే. గల్లీలో వంద ఇండ్లుంటే ఏడు వందల బిందెలు. ఇది ముందు జాగ లెక్క మాత్రమే, స్లాబు మీద పడేది వేరు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఆ అరవై చదరపు అడుగుల మీద ఏడాదిలో 4,400 లీటర్లకు పైగా. వేసవిలో మనం ఫోన్ల మీద ఫోన్లు చేసి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకర్‌కు కొంచెమే తక్కువ.

పాతబస్తీ నేల దక్షిణాన ఎత్తు. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు నుంచి ఉత్తరాన మూసీ దిక్కుకు వాలు. మధ్యలో ఒకప్పుడు చెరువులు గొలుసులాగ ఉండేవి. తలాబ్ కట్ట అనే పేరే చెప్తది, అక్కడ తలాబూ ఉండేది, దానికి కట్టా ఉండేది. ఇప్పుడు ఇండ్లే ఇండ్లు. పై నుంచి వచ్చిన నీళ్లకు ఆగే చోటు లేదు, ఇంకే చోటు లేదు.

2020 అక్టోబర్ 13 రాత్రి ఎవరు మరిచిపోతారు? ఒక్క రోజులో నగరంలో 19 సెంటీమీటర్ల వాన. తెల్లవారితే అక్టోబర్ 14, 1956లో నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న రోజు. ఆ దీక్షా దినాన పాతబస్తీలో ఎంతోమంది నడుం లోతు నీళ్లలో ఉన్నారు. పల్లె చెరువు నీళ్లు అల్ జుబైల్ కాలనీని ముంచినయి. నాలుగు రోజులకు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. ఇంట్లో పిల్లల పుస్తకాలు, కుట్టు మిషన్లు, పెండ్లికి కొన్న బట్టలు అన్నీ బురదలో. చనిపోయిన వారూ ఉన్నారు.

నిజం నిజంలాగే చెప్పుకోవాలె. ప్రతి ఇంటి ముందు ఆరడుగుల మట్టి ఉన్నా ఆ రాత్రి వరద ఆగేది కాదు. అంత వానకు నేల నానిపోయి ఇంకేమీ పీల్చుకోదు. చెరువులు పూడ్చి ప్లాట్లు చేసినవాళ్లు, నాలాల మీద గోడలు లేపినవాళ్లు, చూసీ చూడనట్టు సంతకాలు పెట్టినవాళ్లు, మొదటి లెక్క వాళ్లది. ఎనభై గజాల మనిషిని బోనులో నిలబెట్టి ఎనభై ఎకరాల వాణ్ని వదిలేసే పర్యావరణ ఉపన్యాసాలు మనకు అక్కర్లేదు.

అయితే ఏటా నాలుగైదు సార్లు పడే మామూలు వాన ఉంది కదా. అరగంట గట్టిగా కురిస్తే గల్లీ చివర, పల్లంలో ఉన్న రెండిండ్లలోకి డ్రైనేజీ నీళ్లు ఎక్కుతయి. ఆ ఇంటి ఆడమనిషి చీపురుతో, తట్టతో మురికినీళ్లు బయటికి తోస్తుంటే మనం పై నుంచి చూస్తుంటం. మన మట్టి చేతనయ్యేది ఆ వాన దగ్గరే.

ఇక్కడే మనవాళ్లలో ఒక మాట వస్తుంది. అది గట్టి మాట. దాన్ని దాటేసి పోవడం నాకిష్టం లేదు.

ఊళ్లో మన వాడ ఎక్కడుండేది? పల్లంలో, ఊరి మురుగు పారే దిక్కున. వానొస్తే మోకాళ్ల లోతు బురద. ఆ బురద కాళ్లతో బడికి పోతే వెనక కూర్చోబెట్టేవాళ్లు. గచ్చు ఇల్లు అంటే దొర ఇల్లు. అట్లాంటి చోటి నుంచి పట్నం వచ్చి, తాపీ పని చేసి, ఆటో నడిపి, మున్సిపాలిటీలో ఊడ్చి, తరం తర్వాత ఒక ఇల్లు కట్టుకుంటే, గుమ్మం ముందు తడి అంటని నేల మీద చెప్పులు విడవడం మనకు సోకు కాదు, ఆత్మగౌరవం. ఇప్పుడెవరో వచ్చి “మట్టి ఉంచండి, పచ్చదనం మంచిది” అంటే ఒళ్లు మండదా? తన లాన్‌కు మాలీని పెట్టుకున్నాయన చెప్తే ఇంకా మండుతది. మండాలె.

కానీ ఒక సంగతి ఆలోచించండి. వాడలో బురద ఎట్లా అయింది? వాడ మట్టి పాపం చేసి కాదు. ఊరు తన వాకిళ్లు పొడిగా ఉంచుకొని, తన నీళ్లు, తన మురుగు పల్లానికి తోలింది. పల్లంలో ఎవరుండాలో ముందే రాసి పెట్టుకుంది. మనం గచ్చు పోయించేటప్పుడు మేస్త్రీకి చెప్పే మాట ఏమిటి? “వాలు బయటికి పెట్టన్నా, నీళ్లు ఆగొద్దు.” బయటికి అంటే ఎవరింటికి?

బాబాసాహెబ్ కులాన్ని నిచ్చెనమెట్ల అసమానత అన్నారు. ప్రతివాడికీ పైన ఒకడుంటాడు, కింద ఒకడుంటాడు. పైవాడి మీద కోపం ఉన్నా, కిందవాణ్ని తొక్కే అవకాశం ఉంది కాబట్టి నిచ్చెన కూలదు. గల్లీ చూడండి. పాత సీసీ రోడ్డు మీదనే కొత్త సీసీ పోస్తరు, రోడ్డు లేస్తది. కొత్తగా కట్టేవాడు రోడ్డు కంటే రెండడుగులు ఎత్తు లేపుతడు. పక్కవాడు ఇంకో అడుగు. ఎత్తు లేపుకోలేని పాత ఇల్లు గుంతలో మిగులుతది. అందులో ఉండేది ఎవరు? కిరాయికున్న కుటుంబం, ఒంటరి ముసలమ్మ, గాజుల పని చేసుకునే సాయిబు. నీళ్లకు కులం తెల్వదు, మతం తెల్వదు. వాలు తెలుసు. ఆ వాలు పెట్టేది మనుషులు.

మహద్‌లో 1927 మార్చి 20న మనవాళ్లు చౌదార్ చెరువు నీళ్లు ముట్టుకున్నది నీళ్లు అందరివి అని చెప్పడానికి. నీళ్లు అందరివైతే, అవి భూమిలోకి పోయే దారి కూడా అందరిదే కదా. పాతబస్తీ కింద ఉన్నది గ్రానైట్ రాయి. నీళ్లు నిలిచేది పైనున్న మట్టిలో, మెత్తబడ్డ రాతి పొరలో, పగుళ్లలో. పైన మూసేస్తే కింద నిండదు. మన గల్లీ బోరు ఎండితే కృష్ణా నీళ్ల కోసం చూస్తం. అవి వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కరెంటుతో ఎత్తి తెచ్చినవి.

మరి ఇప్పటికే గచ్చు చేసినవాళ్లు తప్పు చేసినట్టా? బుద్ధుడి ప్రకారం కర్మకు మూలం చేతన, అంటే మనసులోని ఉద్దేశం. తెలియక చేసినదాన్ని పట్టుకొని ఎవరినీ దోషిని చెయ్యడం ధమ్మం కాదు. నీళ్లు ఎటు పోతున్నయో తెలిసినాక ఏం చేస్తామన్నదే అసలు ప్రశ్న.

మనలో ఇంకో సంగతి జరిగింది. దీక్ష తీసుకున్నాక చాలామంది ఇంటి ముందు తులసికోట తీసేశారు. మంచిదే. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న ఇంట్లో చెట్టుకు పూజ ఎందుకు? అయితే కోటతోపాటు మట్టి కూడా పోయింది. ఖాళీ అయిన జాగ మీద టైల్స్ వచ్చి కూర్చున్నయి. మనం వదిలింది పూజను. మొక్కను ఎందుకు వదలాలె? ఆ ప్రతిజ్ఞల్లోనే సకల జీవుల మీద కరుణ ఉంచి వాటిని కాపాడతానన్నది కూడా ఉంది. తులసిని దేవతగా మొక్కకుండా దగ్గుకు కషాయం పెట్టుకునే ఆకుగా పెంచుకుంటే ప్రతిజ్ఞకు ఏ భంగమూ రాదు. రావి చెట్టు గురించి మాత్రం ఒక మాట: బోధివృక్షమని ప్రేమతో ఇంటి గోడ పక్కన నాటకండి, వేళ్లు గోడ చీలుస్తయి. అది విహారం ఆవరణలో, పార్కులో పెరగాల్సిన చెట్టు.

వర్షావాసం ఎట్లా మొదలైందో వినయ పిటకంలో ఉంది. వానాకాలంలో కూడా భిక్షువులు ఊళ్లు తిరుగుతూ పచ్చగడ్డిని, చిన్న చిన్న జీవులను తొక్కేస్తున్నారని మామూలు జనం ఫిర్యాదు చేశారు. బుద్ధుడు “గడ్డి గురించి ఇంత గొడవా” అనలేదు. వానాకాలం మూడు నెలలు ఒకచోట ఉండాలని సంఘానికి నియమం పెట్టాడు. కాలి కింద ఏముందో చూడమని సంఘానికి చెప్పింది సామాన్య జనం, విన్నది బుద్ధుడు. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. అశోకుడు మనుషులకూ పశువులకూ మందు మొక్కలు నాటించానని, దారి పొడుగునా బావులు తవ్వించి చెట్లు పెట్టించానని చెక్కించిన శాసనం కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండల మీద ఇప్పటికీ ఉంది.

మన ఊరి చరిత్రలో కూడా ఒక చెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది పోయినప్పుడు, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఎక్కినవాళ్లలో ఎవరు ఎవరి కొమ్మ పట్టుకున్నారో, ఎవరి కులమేమిటో ఆ రాత్రి ఎవరూ అడిగి ఉండరు.

ఇక ఇంట్లో వచ్చే అభ్యంతరాలు. దోమలంటారు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలవ ఉన్న మంచినీళ్లలో: మూత లేని డ్రమ్ము, కూలర్, కుండీ కింద పళ్లెం. ఇంకిపోయే మట్టిలో కాదు. బండి ఎక్కడ పెట్టాలంటారు. చక్రాలు నడిచే చోట రెండు వరుసలు షాబాద్ బండలు పరిచి, మధ్యలో మట్టి వదిలితే చాలు. బండల సందుల్లో సిమెంటు బదులు ఇసుక నింపండి.

అసలైన అభ్యంతరం ఆడవాళ్లది, దాన్ని మగవాళ్లు వినరు. మట్టి ఉంటే ఇంట్లోకి మట్టి కాళ్లొస్తయి. ఆకులు రాలుతయి. ఊడ్చేదెవరు? పొద్దున ఐదింటికి లేచి, వంట చేసి, పనికి పోయి వచ్చిన మనిషి నెత్తి మీద ఇంకో పని. పల్లంలో ఉన్న పొరుగువాడి మీద కరుణ చూపిస్తానని భార్య చేతిలో చీపురు పెట్టడం నిచ్చెనకు ఇంకో మెట్టు కట్టడమే. అందుకని అన్నలారా, తమ్ముళ్లారా, వాకిలి మట్టిగా ఉంచాలని నిర్ణయం చేస్తే ఊడ్చే పని కూడా మీరే తీసుకోండి. గుమ్మం ముందు కాళ్లు కడుక్కునే చిన్న గచ్చు, గోనె పట్టా ఉంచండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకోకుంటే వాళ్లను ఒప్పించే ముందు వారం రోజులు మీరే ఊడ్చి చూడండి.

టైల్స్ వేసినవాళ్లు అన్నీ పగలగొట్టనక్కర్లేదు. ప్రహరీ గోడ వెంబడి, ఇంటి పునాదికి దూరంగా, అడుగున్నర వెడల్పున ఒక వరుస తీయించండి. మేస్త్రీకి సగం పూట పని. కింద సిమెంటు పొర ఉంటే అది కూడా తీయాలె, లేకుంటే నీళ్లు దిగవు. రెండడుగుల లోతు తవ్వి, అడుగున ఇటుక ముక్కలు, కంకర వేసి, పైన మట్టి, పెంట ఎరువు కలిపి నింపండి. మట్టి గచ్చు కంటే రెండంగుళాలు కిందికి ఉండాలె, అప్పుడే వాలు నీళ్లు అందులోకి దిగుతయి. కరివేపాకు, నిమ్మ, మందారం, పుదీనా ఏవైనా పెట్టుకోవచ్చు. మునగ పెడితే తీగలకు, కరెంటు వైర్లకు అందకుండా ఏడాదికోసారి కొట్టెయ్యాలె. మృగశిర కార్తె లోపల ఈ పని అయిపోతే మొదటి వానలకే మొక్క పట్టుకుంటది. వేసవిలో బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు పోస్తే సరిపోతది. సబ్బు నీళ్లు పోయకండి.