పాఱవేసినది పోవునా?

తెల్లవారకమునుపే వాకిలి యూడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టుట. మడి గట్టుకొని వంట చేయుట. ఎంగిలిని దూరముగ నుంచుట - ఇవి మనకు తరతరములుగ వచ్చిన యాచారములు. శుచిత్వమున మనలను మించినవారు లేరని చెప్పుకొనుటయు మనకు వాడుకయే. ఇంత తెలిసిన మనము ఊడ్చిన చెత్తను ఎక్కడ వేయుచున్నాము? గోడ కవతల. గోడ కీవలి శుభ్రత మనది. అవతలి మాలిన్యము మఱియెవరిదో. ఈ పంపకము ధర్మ్యమగునా యని యిచట విచారింప దలచితిమి.

త్యాగమను మాటకు విడుచుట యని యర్థము. కాని లోకము ఆ పేరిట గౌరవించునది, తన కక్కఱకు వచ్చుదానిని పరుల మేలుకొఱకు విడుచుటను మాత్రమే. తన కక్కఱలేని దానిని పరుల ముంగిట విడుచుట త్యాగము కాదు. భారమును ఒకరి నెత్తినుండి మఱియొకరి నెత్తిమీదికి మార్చుట. మన నగరములు బహుకాలముగ చేయుచున్నది యీ రెండవ పనియే.

ఢిల్లీ నగరపు తూర్పున ఘాజీపూరు కలదు. అచట 1984లో చెత్త వేయ నారంభించిరి. 2002 నాటికే ఆ తావు నిండినది. నిండినను వేయుట మానలేదు. 2017 సెప్టెంబరు 1వ తేదీన ఆ గుట్టలో నొక భాగము విఱిగిపడగా ఇద్దఱు మరణించిరి. అంత దూర మేల? హైదరాబాదు చెత్త జవహర్‌నగరమునకు పోవుచున్నది. గుట్టలోనికి దిగిన వాననీరు నల్లని రసమై చెంతనున్న మల్కారము చెఱువును చెఱచినది. ఆ చెఱువు నమ్ముకొన్నవారు ఆ చెత్త చేసినవారు కారు. తడి చెత్త గాలి తగులక క్రుళ్లినచో మీథేను అను మండెడు వాయువు పుట్టును. అందుచేతనే యిట్టి గుట్టలు పలుమాఱు రగులుకొనుచుండును. కావున పాఱవేసినది ఎచటికిని పోలేదు. నీరై, పొగయై, మన బిడ్డలకు ఆస్తియై నిలిచియున్నది.

దీనికి ప్రతిక్రియ కలదని ఇండోరు నగరము చూపినది. దేవగురాడియా వద్ద సుమారు నూఱెకరముల నేలపై 13 లక్షల టన్నుల పాత చెత్త పేరుకొనియుండెను. దానిని త్రవ్వి, జల్లించి, మట్టిని ప్లాస్టిక్కును వేఱుపఱచి 2018లో ఆ నేలను ఖాళీ చేసిరి. అయితే గుట్టను తీయుటకన్న మరల పెరుగనీయకుండుట కష్టము. అందులకై యింటింటికి వచ్చు బండ్లలో తడికిని పొడికిని వేర్వేఱు అఱలు పెట్టిరి. ఏండ్ల తరబడి జనులకు నచ్చజెప్పిరి. వినని వారికి జుల్మానా వేసిరి. 2022 ఫిబ్రవరిలో దినమునకు 550 టన్నుల తడి చెత్తనుండి వాయువు తీయగల కర్మాగారమును నెలకొల్పిరి. ఆ వాయువుతో బస్సులు నడుచుచున్నవి. ఐనను ఆ యంత్రమునకు గాజును ప్లాస్టిక్కును కలియని చెత్త కావలెను. దానిని సమకూర్చు చోటు కర్మాగారము కాదు, వంటిల్లు. ఇరువదేండ్ల ప్రణాళిక యైనను ప్రతి ప్రాతఃకాలమున మన గడపయొద్ద నిలుచును, లేదా కూలును.

ఇట మా తప్పొకటి చెప్పుకొనక తప్పదు. బడిలో పిల్లలకు రెండు బుట్టల సంగతి మేము తఱచు బోధించువారము. ఒకనాడు తొందరలో, పగిలిన గ్లాసు పెంకులను కూర తొక్కులలోనే వేసితిమి. మఱునాడు బండితో వచ్చు నామె అఱచేతికి గుడ్డ కట్టుకొనియుండెను. ఏమమ్మా యని యడుగగా, “నిన్న మీ వీధిలోనే తెగింది సారూ, మాకు మామూలే” అనెను. ఆ పెంకులు మా యింటివే యని చెప్పుటకు మాకు రెండు దినములు పట్టినది. చెప్పినపుడు ఆమె నవ్వి యూరకుండెను. ఆ నవ్వుకన్న తిట్టు సుఖముగ నుండెడిది. ఆమెకు మామూలైనది గాయము. మాకు మామూలైనది గాయపఱచుట. కొన్ని కులములవారు మాత్రమే ఈ పని చేయవలెనని నిర్ణయించిన సంఘమునకు, వారి చేతులు తెగుటయు సహజముగనే తోచినది.

పన్ను కట్టుచున్నాముగదా, ఇది పురపాలకుల పని యని కొంద ఱందురు. పన్ను పనికి మూల్యము; నెత్తురునకు మూల్యము కాదు. అంతయు కాల్చి విద్యుత్తు చేయరాదా యని మఱికొందఱు. జవహర్‌నగరమున 2020 నుండి అట్టి కేంద్రమును కలదు. కాని తడి కట్టె పొయ్యిలో నెట్లు మండునో, తడి కలిసిన చెత్తయు నట్లే మండును. మండిన పిదప మిగులు బూడిదకును చోటు కావలెను. ఇక చెత్త యేఱుకొని బ్రదుకువారి గతి యేమను ప్రశ్న న్యాయమైనదే. పుణె నగరమున వారే సహకార సంఘముగ నేర్పడి, 2008లో పురపాలక సంఘముతో ఒడంబడిక చేసికొని, గుట్టలమీద వెదకుట మాని యింటింట చెత్త గైకొనుచు గౌరవముగ జీవించుచున్నారు. వేఱుచేసి యిచ్చుట వారి కూడు తీయుట కాదు. కూటిలోని మురికిని తీయుట.

2016లో వెలువడిన నిబంధనలు తడి, పొడి, ప్రమాదకరము అని మూడు విధములుగ చెత్తను వేఱుచేయ విధించినవి. చట్టము చెప్పకమునుపే చేయదగిన పని యిది. కూర తొక్కులు పెరటి గుంటలో ఎరువగును. గాజు పెంకులు కాగితమున చుట్టి, పైని వ్రాసి, వేఱుగ నీయవచ్చును. అంగడికి సంచి తీసికొనిపోయినచో ఇంటికి వచ్చు చెత్తయే తగ్గును. వీనిలో నేదియు గొప్ప కార్యము కాదు. మన పెద్దలు మడిని గడప దాటనీయలేదు. దానిని వీథి చివరవఱకు, ఆ బండి లాగువారి చేతులవఱకు తీసికొనిపోవుట మన వంతు. మా యింట మూడవ బుట్ట పెట్టి నాలుగు నెలలైనది.