అసలు బండి ఏది?

పాత కారు కొనేవాడు అడిగే మొదటి మాట, 'ఒరిజినలేనా?' అని. రంగు ఒరిజినలేనా, ఇంజన్ ఒరిజినలేనా, అద్దాలు కంపెనీవేనా. వినడానికి మామూలు ప్రశ్నే. కానీ అరవై ఏళ్ల బండి రోడ్డు మీద తిరిగిందంటే దాని భాగాలు అరుగుతాయి, మారుతాయి. ఏదీ మారలేదంటే ఆ బండి నడవలేదని అర్థం. నడిచిన బండి 'అసలు'ది కాదు. 'అసలు' బండి నడిచింది కాదు. మరి ఆయన దేన్ని గురించి అడుగుతున్నట్టు?

ఈ చిక్కు నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా మామూ ఇంటి వెనక రేకుల షెడ్డులో దొరికింది. మామూ సంగారెడ్డి మనిషి. నలభై ఏళ్లు ముంబై హైవే పక్కన మిస్త్రీ పని చేశాడు. ఇప్పుడు కంటిచూపు తగ్గి, పెద్ద పనులు మానేసి, తుక్కు ధరకు వచ్చిన ఒక ఫియట్ 1100ను తన కోసం బాగు చేసుకుంటున్నాడు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేసిన బండి. గేరు స్టీరింగ్ కిందే ఉంటుంది. ఇంజన్ దించి బోర్‌కి ఇచ్చాడు. కింగ్ పిన్ బుష్‌లు ఎక్కడా దొరకకపోతే పటాన్‌చెరులో ఒక లేత్ మిషన్ అతను చేసిచ్చాడు. పగలంతా ఫ్యాక్టరీల పంపులకు షాఫ్టులు తిప్పే మనిషి, రాత్రి షిఫ్టు అయ్యాక మామూ కోసం ఇత్తడి బుష్ తిప్పాడు. డబ్బు తీసుకోవడానికి మొహమాటపడ్డాడట. ఆ బండి అంటే అతనికీ ఏదో ఇది.

పాత రంగు గీకుతుంటే పొరలు పొరలుగా బయటపడింది బండి చరిత్ర. పైన తెలుపు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద మళ్లీ తెలుపు, అన్నిటికన్నా అడుగున కంపెనీ వేసిన బూడిదరంగు. డ్రైవర్ వైపు తలుపు కింద వేలెడు మందాన లప్పం. లప్పం రాలగొడితే కింద నూనె డబ్బా రేకు. డబ్బాను కోసి, వంచి, ఇత్తడి టాకా వేసి తుప్పు పట్టిన చోట అతికించారు. మామూ దాని మీద వేలు పెట్టి తడిమి, ఇది తన ఉస్తాద్ చేతి పని అన్నాడు. టాకా వేసిన తీరును బట్టి పోల్చుకున్నాడు. చదువుకున్నవాళ్లు దస్తూరీని గుర్తుపట్టినట్టు.

ఆ రేకు కోసి పారేసి కొత్త రేకు వేయాలా, ఉండనివ్వాలా? నేను ఉండనివ్వమన్నాను. మామూ కోసేస్తానన్నాడు. మా తగాదా అక్కడ మొదలైంది.

ఈ తగాదా మా ఇద్దరిదే కాదు. 1929లోనూ 1930లోనూ ఫ్రాన్స్‌లో లె మాన్ 24 గంటల పందెం గెలిచిన ఒక బెంట్లీ కారు ఉంది. దాన్ని 'ఓల్డ్ నంబర్ వన్' అంటారు. దాని మీద 1990లో ఇంగ్లండు కోర్టులో కేసు నడిచింది. కొంటామని ఒప్పుకున్నవాళ్లు తర్వాత వెనక్కి తగ్గారు. పందెం గెలిచిన నాటి భాగాలు ఇందులో మిగిలింది ఎంత, ఇది ఆ కారే కాదు పొమ్మన్నారు. న్యాయమూర్తి ఆటన్ ఒప్పుకోలేదు. ఇంజన్ మారింది, బాడీ మారింది, నిజమే. కానీ ఆ బండి ఎక్కడా తెగిపోకుండా ఒకే బండిగా బతుకుతూ వచ్చింది, దాని చోట మరొకటి వచ్చి కూర్చోలేదు, కాబట్టి ఇదే ఆ కారు అని తేల్చాడు. పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చిన ఓడ పాత ఓడేనా అని గ్రీకులు ఎప్పుడో తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్నకు ఒక జడ్జి ఇలా జవాబు చెప్పాల్సి వచ్చింది. నాకు ఆ జవాబు నచ్చింది. అందులో గుర్తింపు అన్నది ముడిసరుకులో లేదు, తెగని బతుకులో ఉంది.

మన దేశంలో చట్టం మరో దారి పట్టింది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 'వింటేజ్' బండ్ల కోసం కొత్త రూల్స్ చేర్చారు. యాభై ఏళ్లు దాటిన బండి అయి ఉండాలి. మొదటి రూపంలోనే ఉండాలి. చాసిస్‌నో బాడీనో ఇంజన్‌నో మార్చే పెద్ద మరమ్మతు జరిగి ఉండకూడదు. రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు. రోజువారీ తిప్పుకోవడానికి, కిరాయికి వీల్లేదు. ఇప్పుడు మామూ ఫియట్‌ను ఈ తూకంలో పెట్టండి. ఫియట్‌కి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. తుప్పు పట్టిన ఫ్లోరు కోసి కొత్త రేకు వేస్తే బాడీని ముట్టుకున్నట్టా కాదా? దొంగ బండ్లు, నంబరు చెరిపి అమ్మే బండ్లు ఉన్న చోట ప్రభుత్వం చాసిస్ నంబరు పట్టుకుని వేలాడటాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈ రూలు ఎవరి బండిని వారసత్వం అంటుందో చూడండి. షెడ్డులో కప్పిపెట్టి, డ్రైవర్‌ని పెట్టుకుని, ఏడాదికోసారి బయటికి తీసేవాడి బండిని. టాక్సీగా తిరిగి, పెళ్లికూతురిని మోసి, కాన్పుకు ఆస్పత్రికి పోయి, గుంతల్లో విరిగి, మళ్లీ అతుక్కున్న బండిని కాదు.

హైదరాబాద్‌లో రెండు బండ్లు పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే ఇది తేటపడుతుంది. చౌమహల్లాలో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేయమన్నది. 1911లో ఆయన పోయాడు, కారు ఆ తర్వాత వచ్చింది. దశాబ్దాల పాటు అది తిరిగింది చాలా కొద్ది మైళ్లు. రెండోది బస్ భవన్ దగ్గర పెట్టిన 'దక్కన్ క్వీన్'. 1932 నాటి ఆల్బియన్ బస్సు. నిజాం రైల్వే వాళ్లు రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు స్కాట్లాండు నుంచి తెప్పించిన 27 బస్సుల కాలం నాటిది. మొదటిదాన్ని చూడటానికి టికెట్టు కొంటారు. రెండోదాని పక్కనుంచి రోజూ వేలమంది తల తిప్పకుండా పోతారు. జనాన్ని మోసింది మాత్రం రెండోదే.

ఇదంతా కార్ల గోలే అయితే ఈ సంకలనంలో రాయనవసరం లేదు. 'ఒరిజినలేనా?' అన్న ప్రశ్న మేం పుట్టినప్పటి నుంచి వింటున్నాం. 'మీరు ముస్లిములా, తెలుగు భలే మాట్లాడుతున్నారే!' అంటారు ఒకరు మెచ్చుకున్నట్టు. ఆ మెచ్చుకోలు లోపల, ఈ భాగం నీ బండిది కాదు, ఎక్కడిదో తెచ్చి బిగించుకున్నావు అనే మాట ఉంది. ఇంకో వైపు నుంచి మావాళ్లే వస్తారు. పీర్ల పండుగ ఏమిటి, పీర్ల ముందు అలాయి ఆడటం ఏమిటి, దర్గా దగ్గర కొబ్బరికాయ ఏమిటి, ఇవన్నీ తరవాత అంటుకున్నవి, గీకి పారేస్తే అసలు దీన్ బయటపడుతుందంటారు. ఇద్దరిదీ ఒకటే కోరిక. బండిని కంపెనీ నుంచి బయటికొచ్చిన రోజుకు తీసుకుపోవాలి. మధ్యలో దాన్ని నడిపినవాళ్లు, అతికినవాళ్లు, దానిలో కూర్చుని ఊళ్లు దాటినవాళ్లు లెక్కలోకి రారు. మా నాయనమ్మ పీరు ముందు మొక్కిన మొక్కు లప్పమా? అది లప్పమైతే ఆ కింద 'అసలు' అంటూ మిగిలేది ఏ మనిషి?

ఇదే రోడ్డు మీద మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా ఉంది. 1942లో నిజాం ప్రభుత్వ పరిశ్రమల నిధీ, అల్లావుద్దీన్ అండ్ కంపెనీ కలిసి పెట్టిన హైదరాబాద్ ఆల్విన్ అది. బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసింది. జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు చేసింది. ఆ జహీరాబాద్ ఫ్యాక్టరీ 1989లో మహీంద్రా చేతికి పోయింది. ఇప్పుడక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. ఆ కంపెనీ పోయింది, పేరు మాత్రం బస్‌స్టాపుకు మిగిలింది. ఆ పేరు వెనక ఒక అల్లావుద్దీన్ ఉన్నాడని అక్కడ దిగేవాళ్లలో ఎందరికి తెలుసు? 'అసలు'ను వెతికేవాళ్లు ఇలాంటి చోట్ల వెతకరు.

ఇంకో మాట కూడా ఇక్కడే అనాలి. పాత కారుకు పాత రూపం తేవడానికి లక్షలు పెట్టేవాళ్లున్నారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు కలిసిన నక్కవాగును మళ్లీ వాగుగా చెయ్యమని అడగడానికి మాత్రం 1990లో సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

సరే, మామూ సంగతి. నేను ఇదంతా ఆయనకు చెప్పాను. బెంట్లీ కేసు చెప్పాను. పాత బండ్ల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ట్యూరిన్ చార్టర్ అని ఒకటి ఆమోదించిందనీ, కొత్తగా మెరిపించడం కన్నా బండి మీద కాలం మిగిల్చిన గుర్తుల్ని కాపాడటమే మేలని వాళ్లే అంటున్నారనీ చెప్పాను. మామూ పానా కింద పెట్టి అంతా విన్నాడు. ఆ తర్వాత అన్నాడు:

"నక్కో రే. ఆ రేకు మా ఉస్తాద్ ఇష్టపడి వెయ్యలేదు. లైసెన్సుల కాలం, మంచి రేకు దొరికేది కాదు. దొరికినా కొనడానికి గిరాకీ దగ్గర పైసలు లేవు. అది మా గరీబీ. నీకు అందంగా కనబడుతుందని నేను దాన్ని తలుపుకి పెట్టుకు తిరగాలా? ఆయనే బతికుంటే ముందు దాన్నే కోసేవాడు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. అతుకును ప్రేమించడం అతకాల్సిన అవసరం లేనివాడికి సులువు. ఫ్యాక్టరీ నాటి రూపమే అసలు అనేవాడిది ఒక రకం పెత్తనమైతే, ఇంకొకడి లేమిని దాచుకోదగ్గ వస్తువుగా చూసే నాది ఇంకో రకం పెత్తనం కావచ్చు. బండిని ఏ రూపానికి తేవాలో తేల్చే హక్కు దాన్ని బతికించినవాళ్లకు ఉంటుంది. వాళ్లు కొత్త రేకే కావాలంటే కొత్త రేకే. నేను అడగగలిగింది ఒక్కటే. ఎక్కడ ఏం మార్చారో, ఎవరు మార్చారో దాచకూడదు. లప్పం పెట్టి 'ఫుల్ ఒరిజినల్' అని అమ్మడం మోసం. ఇదిగో ఇక్కడ చిరిగింది, ఇక్కడ కుట్టాం అని చెప్పి అమ్మడం మోసం కాదు.

మామూ ఆ రేకు కోసేశాడు. గ్యాస్ వెల్డింగ్‌తో కొత్త రేకు వేశాడు, నున్నగా వచ్చింది. దాచకూడదన్న మాటకు మాత్రం ఒప్పుకున్నాడు. ఒక నోటుబుక్కు తెచ్చి నన్ను రాయమన్నాడు. ఈ బండి మీద తనకు తెలిసి చెయ్యి వేసినవాళ్లందరి పేర్లూ, ఎవరు ఏం చేశారో. టింకరింగ్ ఎవరు, వైరింగ్ ఎవరు, సీట్లు కుట్టింది ఎవరు. పదకొండు పేర్లు అయ్యాయి. వైరింగ్ చేసినవాళ్లలో ఒకరు వడ్ల కులస్తుడు, సీట్లు కుట్టినాయన మాదిగ, మిగతా చాలామంది మావాళ్లు. ఇద్దరి అసలు పేర్లు ఎంత ఆలోచించినా మామూకు గుర్తు రాలేదు. ఒకర్ని 'లంబూ' అని రాయమన్నాడు. రెండోవాడిని అప్పట్లో అందరూ పిలిచినట్టే 'చోటూ' అని రాయమన్నాడు. పానాలు అందించే పిల్లగాడు. ఇప్పుడు అరవై దాటి ఉంటాడట.