కొరతకు వెల

స్విట్జర్లండులోని లె బ్రాస్యూ గ్రామమున ఓడెమార్ పిగే అను గడియారముల సంస్థ గలదు. 1972లో ఆ సంస్థ 'రాయల్ ఓక్' అను చేతిగడియారమును ఉక్కుతో చేయించి, నాటి పెక్కు బంగారు గడియారములకంటె ఎక్కువ వెలకు అమ్మకమునకు పెట్టెను. దాని రూపమును గీసిన జెరాల్డ్ జెంటాయే పిదప 'నాటిలస్'ను గీసెను. దానిని 1976లో జెనీవా నగరపు పటేక్ ఫిలిప్ వారు వెలువరించిరి. నీటికిని ఆటలకును ఓర్చుకొనునట్టి దృఢమైన గడియారములివి. ఉక్కునకు లోకమున కొరత లేదు. అయినను నేడు వీటికై ధనవంతులు సైతము ఏండ్ల తరబడి వేచియుందురు. అడుగువారుండగా చేయువారేల చేయరు? చేయగలిగియు చేయకుండుట న్యాయమా?

తొందరపడి దీనిని లోభమని త్రోసివేయరాదు. ఇట్టి గడియారములలో కంటికి కానరాని లోపలి భాగముల అంచులకు సైతము నునుపు తీర్చుదురు. ఆ పని నేర్చుటకు ఏండ్లు పట్టును. పటేక్ సంస్థ ఏటికి చేయునవి అన్ని రకములును కలిపి సుమారు 70,000 మాత్రమే. మరియొక కారణము గలదు. 1969లో జపానుకు చెందిన సైకో సంస్థ క్వార్ట్జ్ చేతిగడియారమును అమ్మకమునకు తెచ్చెను. తరువాతి పదునైదేండ్లలో స్విస్ గడియారపు పనివారిలో మూడింట రెండు వంతులమంది బ్రదుకుతెరువు కోల్పోయిరి. మోజును నమ్మి వేలమందిని పనిలో చేర్చుకొని, మోజు తీరిననాడు వీధిలోనికి పంపుటకంటె, మొదటనే మితముగా చేయుట మేలు గదా! పనివాని చేయి విధించిన మితమును ఎవరు తప్పుపట్టగలరు?

చిక్కంతయు అటుపిమ్మటనే యున్నది. 2006లో వచ్చిన నాటిలస్ 5711 రకమును, కోరువారు మిక్కుటముగా నున్న కాలముననే, 2021లో పటేక్ వారు నిలిపివేసిరి. ఒక్క రకము సంస్థనంతటిని కప్పివేయరాదని అధ్యక్షుడు తియరీ స్టెర్న్ అభిప్రాయము. ఇది సబబైన మాటయే. కాని అదే యేటి డిసెంబరులో లేతనీలి ముఖఫలకముతో 170 గడియారములు మాత్రము చేసిరి. అంగడిలో సుమారు 52,000 డాలర్లు పలుకు ఆ గడియారమొకటి న్యూయార్కు వేలములో 65 లక్షల డాలర్లకు పోయెను. ఆ సొమ్ము ధర్మకార్యమునకే చేరెను, నిజమే. అయినను కొన్నవాడు ఇచ్చిన వెలలో ఉక్కునకెంత, పనికెంత? మిగిలినదంతయు ఇతరులకు అది దొరకదన్న నమ్మకమునకే గదా!

కొరత తమ వ్యూహము కాదని రోలెక్స్ వారు 2021లో చెప్పియున్నారు. బుల్ పట్టణమున క్రొత్త కర్మాగారమును సంకల్పించిరి కూడ. నమ్మవచ్చును. కాని కొన్ని దుకాణములలో, కోరిన గడియారము చేతికందుటకు ముందు కోరని నగలును గడియారములును కొనవలసివచ్చునని కొనువారు వాపోవుదురు. చక్కెర అడిగినవానికి సబ్బు అంటగట్టు అంగడివానికిని వీరికిని భేదమెంత? ఇచ్చట మితము పనివాని చేతినుండి వచ్చినది కాదు. కాయకమునకు వెల కట్టుట వేరు, పరుల ఆశకు వెల కట్టుట వేరు.

అయితే అమ్మువానినొక్కనినే నిందించుట అన్యాయము. అందరికి దొరికిననాడు ఈ గడియారము తనకక్కరలేదనువాడే దీనిని మొదట కోరువాడు. మరల అమ్ముకొనుటకై, పైని అంటించిన పలుచని పొరను సైతము ఊడదీయక, ఇనుపపెట్టెలో దాచువారును గలరు. నాటిలస్ చేతి కదలికతో నడచు గడియారము. ధరింపక దాచిన రెండు దినములకు అది ఆగిపోవును.