మహాయుగ సంఖ్య – మానవుని ఊపిరి

పూజకు కూర్చున్నప్పుడు మనము ముందుగా సంకల్పము చెప్పుకొందుము. శ్వేతవరాహ కల్పము, వైవస్వత మన్వంతరము, కలియుగము, ప్రథమ పాదము అని కాలమును పేర్కొని, పిమ్మట సంవత్సర మాస తిథులకు దిగి, తుదకు మన గోత్రనామములను పలుకుదుము. సామాన్య గృహస్థుని పూజలో ఇంతటి కాలగణన మేల? ఆ గణనకు మూలమైన సంఖ్యయే ఇందుకు సమాధానము చెప్పును.

ఆ సంఖ్య 43,20,000. ఇన్ని మానవ సంవత్సరములు ఒక మహాయుగము. మనకొక యేడు దేవతల కొక దినము. వారి 12,000 సంవత్సరములను 360చే హెచ్చవేయగా ఈ సంఖ్య వచ్చును. దీనిని పది పాళ్లు చేసిన కృతయుగమునకు నాలుగు, త్రేతకు మూడు, ద్వాపరమునకు రెండు, కలికి ఒకటి. కావున కలియుగ ప్రమాణము 4,32,000 సంవత్సరములు. ఒకటి మొదలు పది వరకు గల సంఖ్యలలో ఏడు తప్ప తక్కినవన్నియు మహాయుగ సంఖ్యను నిశ్శేషముగ భాగించును.

వేయి మహాయుగములు బ్రహ్మకొక పగలు. అందు 14 మన్వంతరములు. ఒక్కొక్కటి 71 మహాయుగముల చొప్పున 994 అగును. తక్కిన ఆరు ఏమైనవి? సూర్యసిద్ధాంతము ప్రకారము కల్పాదిని ఒకటి, ప్రతి మన్వంతరము చివర ఒకటి చొప్పున, కృతయుగమంతేసి సంధికాలములు 15 గలవు. కృతయుగము మహాయుగమున పదింట నాలుగు పాళ్లు గనుక, ఆ 15 సంధులు కలిసి సరిగా ఆరు మహాయుగములు. లెక్కలో లోటు లేదు.

ఇక మన వైపు చూతము. అహోరాత్రమునకు 60 ఘడియలు. ఘడియకు 60 విఘడియలు. విఘడియకు ఆరు ప్రాణములు. ప్రాణమనగా ఆరోగ్యవంతుని ఒక ఉచ్ఛ్వాస నిశ్వాసములకు పట్టు కాలము. ఈ లెక్కన దినమునకు 21,600 ఊపిరులు. మహాయుగ సంఖ్యను దీనిచే భాగింపగా 200 వచ్చును, శేషము లేదు. అనగా మహాయుగమున ఎన్ని సంవత్సరములో, 200 దినములలో మనకు అన్ని ఊపిరులు. కలియుగ సంవత్సరముల సంఖ్య 20 దినముల ఊపిరులకు సమానము.

కలియుగము ముగియుటకు ఇంకను 4,26,000 సంవత్సరములకు పైగా ఉన్నది. అయినను కలికి గల గడువు మనకు లేదు. “పిల్లల పెండ్లిండ్లు కానిండు, పిమ్మట స్వామిని తలతము” అనుకొను గృహస్థుడు ఇరువది దినముల కొక కలియుగమంత ఊపిరిని వ్యయపరచుచున్నాడు. స్మరణకు వేరొక తీరిక అక్కరలేదు. పొయ్యి కడ నిలిచిన యిల్లాలికిని, నాగలి పట్టిన రైతునకును ఊపిరి ఆడుచునే యున్నది; దానితో నామమును కూర్చిన చాలును.

భాగింపగా మిగిలినదానిని శేషమందుము. ప్రళయమున సర్వము లయింపగా మిగులువాడు గనుక అనంతునకు శేషుడని పేరు. మన సంప్రదాయమున జీవుడు శేషము, శ్రీమన్నారాయణుడు శేషి; అనగా జీవుడు స్వామి సొత్తు, ఆయన కొరకే యున్నవాడు. ఊపిరులన్నియు లెక్కకు చెల్లిపోయిన పిమ్మట మనకు మిగులునది ఈ శేషత్వ మొక్కటియే. కావున సంకల్పమున కల్పము నుండి మన పేరు వరకు దిగివచ్చిన పిమ్మట, మరుసటి ఊపిరిని శేషాద్రినాథుని నామమునకే అర్పింతము గాక.